రోజూ తిరిగే వీధిలో, రేవులో మంచి ఫొటోలు దొరుకుతాయా?

"మాది మామూలు టౌను, రోజూ అవే వీధులు, అదే చెరువుగట్టు. ఇక్కడ ఆర్టిస్టిక్ ఫొటోలు ఎలా తీయాలి? ముందు కెమెరా కొనాలా?" అని అడిగారు కదా. దొరుకుతాయండీ, అసలు అక్కడే దొరుకుతాయి. కెమెరా సంగతి చివర్లో చెప్తా.

నాది రాజమండ్రి. సాయంత్రమైతే గోదావరి గట్టు మీద ప్రతివాడూ ఒకటే ఫొటో తీస్తాడు. కమాను వంతెన, దాని పక్కన దిగుతున్న సూర్యుడు, ముందు ఒక పడవ. ఊళ్లో సగం ఫోన్లకి వాల్‌పేపర్ అదే, టిఫిన్ హోటళ్ల గోడల మీదా అదే. మీరు తీసినా నేను తీసినా తేడా ఉండదు, ఎందుకంటే అందులో మన పని ఏమీ లేదు, అంతా సూర్యుడూ ఆ వంతెన కట్టిన ఇంజనీర్లూ చేసిపెట్టేశారు.

నా లెక్క ప్రకారం అందమైన వస్తువు కోసం వెతికేవాడికి ఫొటో దొరకదు. ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకుని, వెనక ఏం పడాలో తేల్చుకుని, ఒకచోట కుదురుగా నిలబడాలి. మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు. మా ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది, అవతల పడమటి గట్టున కొవ్వూరు. కాబట్టి పొద్దున్నే రేవులో నీళ్లవైపు తిరిగి నిలబడితే ఎండ మన వీపు మీద పడుతుంది, ఎదురుగా ఉన్నదంతా చదునుగా రేషన్ కార్డు ఫొటోలా వస్తుంది. అదే సాయంత్రం నాలుగు దాటాక ఎండ నది మీదుగా మనకి ఎదురొస్తుంది. మనుషుల చుట్టూ అంచులు వెలుగుతాయి, తడి మెట్లు మెరుస్తాయి, రోజూ చూసే ప్లాస్టిక్ బిందె కూడా చూడబుద్ధేస్తుంది. నీళ్ల మీద సూర్యోదయమే కావాలంటే వంతెన దాటి కొవ్వూరు గోష్పాద రేవుకి పోవాలి. మీ చెరువు ఊరికి ఏ వైపున ఉందో చూసుకోండి, సగం పని అయిపోతుంది.

ఒకసారి కార్తీక సోమవారం మధ్యాహ్నం దాటాక పుష్కర రేవుకి వెళ్లాను. జనం పలచబడ్డారు, మెట్ల మీద అరటిదొప్పలు, ఆరిపోయిన వత్తులు. ఒక అత్తాకోడళ్లు తడిచీర చెరో కొసా పట్టుకుని గాలికి ఆరబెడుతున్నారు. దగ్గరికెళ్లి "ఫొటో తీసుకోనా అండీ?" అని అడిగాను. పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "తీసుకుంటే తీసుకో గానీ బాబూ, పిల్లాడు నీళ్ల దగ్గరికి పోతున్నాడు, మా కోడలు వెళ్లాలి, ముందు ఆ కొస పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఎడం చేతిలో చీర కొస, కుడి చేతిలో ఫోను. పసుపు రంగు నేతచీర, ఎర్ర అంచు. అంచు నా వేళ్ల దగ్గర మొదలై దూరంగా ఆవిడ పిడికిలి దాకా పోతోంది, మధ్యలో గాలికి గుడ్డ ఉబ్బి ఆవిడ మొహాన్ని పూర్తిగా కప్పేసింది. కనిపించేవి పిడికిలి, మెట్టు మీద ఆనిన పాదాలు, పైన వంతెన కమానులు, అంతే. ఎండ చీరలోంచి వస్తోంది. ఆరినచోట నేత పోగులు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, తడి ఉన్నచోట రంగు ముదురుగా ఉంది, ఆ రెండింటి మధ్య గీత నేను చూస్తుండగానే మెల్లగా కిందికి జరుగుతోంది. దూరం నుంచి జూమ్ చేసి తీసి ఉంటే ఇదేదీ తెలిసేది కాదు.

ఇక్కడ ఒక్క టెక్నికల్ ముక్క. ఎదురెండలో ఫోను అతితెలివికి పోయి అంతా తెల్లగా చేసేస్తుంది. తెర మీద వెలుతురున్న చోట వేలు నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగండి. నీడలు నల్లగా ఉండనివ్వండి, కొంపేమీ మునగదు.

ఆ ఫొటో కోడలికి వాట్సాప్‌లో పంపితే "అత్తయ్య మొహం ఏదండీ?" అని రిప్లై. ముగ్గురినీ మెట్ల మీద వరుసగా నిలబెట్టి ఇంకోటి కూడా తీశాను కాబట్టి బతికిపోయాను. వాళ్లు స్టేటస్ పెట్టుకున్నది ఆ రెండోదే.

అడిగి తీయడం గురించి ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే, స్నానాల రేవు దగ్గర బారెడు లెన్సు పెట్టుకుని, తడిబట్టల్లో ఉన్న ఆడవాళ్లని దూరం నుంచి తీసి దానికి స్ట్రీట్ ఫొటోగ్రఫీ అని పేరు పెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ప్రీవెడ్డింగ్ షూట్ల గోల ఇంకొకటి. రంగు పొగ వదిలి, మెట్లన్నీ ఆక్రమించి, స్నానానికొచ్చిన ముసలాయన్ని "పెద్దాయనా, కాస్త పక్కకి" అంటారు. ఆ ఫ్రేములో ఫొటోకి పనికొచ్చేది ఆయనొక్కడే అని వాళ్లకెవరు చెప్పాలి?

నీళ్లే అక్కర్లేదు లెండి. తాడితోట బట్టల మార్కెట్ వైపు పొద్దున షాపులు తెరిచే వేళకి వెళ్లి చూడండి. సగం లేపిన షట్టరు కింద కాళ్లు మాత్రమే కనపడతాయి, గుమ్మం ముందు చల్లిన నీళ్లలో సైన్‌బోర్డు తలకిందులుగా ఉంటుంది, ఎదురెండ పడితే అగరొత్తుల పొగ కూడా ఫొటోలో పడుతుంది, వెనక చీకటి ఉండాలంతే. ఫ్రాన్సు ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ 1932లో తీసిన జగత్ప్రసిద్ధమైన ఫొటో ఏంటనుకున్నారు? పారిస్‌లో ఒక రైల్వే స్టేషన్ వెనక నిలిచిన నీళ్లని ఒకాయన దూకి దాటడం. ఈఫిల్ టవర్ కాదు.

ఇక కెమెరా. ఇప్పుడే కొనకండి. రాజమండ్రి వస్తే చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ చూడండి. 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన మనిషి, పూలు అలంకరించుకునే ఆడవాళ్లని ఎలా కూర్చారో చూస్తే ఏది ఉంచాలో ఏది తీసేయాలో తెలుస్తుంది, ఏ యూట్యూబ్ క్లాసూ అంత చెప్పదు. తర్వాత మీ చెరువుగట్టున ఒక మెట్టు చూసుకుని, వారం రోజులు ఒకే వేళకి అక్కడే కూర్చోండి. అప్పటికీ ఫోను సరిపోవట్లేదు అనిపిస్తే సెకండ్‌హ్యాండ్ కెమెరా బాడీ (అంటే లెన్సు లేకుండా ఒట్టి కెమెరా), జూమ్ లేని ఒక 35 ఎంఎం లెన్సు చాలు. జూమ్ లెన్సు మాత్రం వద్దు.