కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వరి దిగుబడి పెరగదా?

మొక్కకు తిండే కార్బన్ డయాక్సైడ్, మరి అది పెరిగితే పంటకు మంచిదేగా అంటే, సగమే నిజం. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 ఉన్నది ఇప్పుడు 420 దాటింది. వరి, పత్తి, వేరుశనగ దీంతో కాస్త ఏపుగా ఎదుగుతాయి. మొక్కజొన్న, జొన్న, చెరకు ఆకుల్లో దాన్ని పోగుచేసుకునే ఏర్పాటు ముందే ఉంది కాబట్టి వాటికి కొత్తగా ఒరిగేది తక్కువ.

చిక్కంతా కార్బన్ డయాక్సైడ్ పెరగడంతో పాటు వచ్చే వేడితోనే. వరి పువ్వు విచ్చుకుని ఉండేది గంటా గంటన్నరే. ఆ కాసేపట్లో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, గింజ కట్టదు. చేను చూస్తే పచ్చగా కళకళలాడుతుంటుంది, కంకి నలిపితే తాలు! రాత్రి వేడి ఇంకా మోసం. పగలు కూడబెట్టిన పిండిపదార్థాన్ని మొక్క శ్వాసకే ఖర్చు పెట్టేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో, వానలు లేని సీజన్ పంటలో, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్టు 2004లో తేలింది.

పండిన గింజలోనూ తేడా ఉంటుంది. జపాన్, చైనాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా వదిలి పండించిన బియ్యంలో ప్రొటీన్, ఇనుము, జింకు తగ్గాయి.