బిడ్డ అనుమానాస్పదంగా చనిపోయినప్పుడు వెంటనే లాయర్‌ను పెట్టుకుంటే తప్పు చేసినట్టేనా?

"బిడ్డ పోయిన ఒకటి రెండు రోజులకే లాయర్‌ను పెట్టుకునేది డబ్బున్నవాళ్లే. అంటే ఏదో దాస్తున్నట్టే కదా?" అని అడిగారు. దాన్నిబట్టి తెలిసేది ఒక్కటే, ఫీజు కట్టే స్తోమత వాళ్లకుందని. ఇంట్లో బిడ్డ చనిపోతే పోలీసులు ముందు ఇంట్లోవాళ్లనే ప్రశ్నిస్తారు. అందుకే నేను పక్కన లేకుండా మాట్లాడొద్దని నిర్దోషికైనా దోషికైనా లాయర్ ఒకే సలహా ఇస్తాడు. తల్లికీ తండ్రికీ వేర్వేరు లాయర్లుంటే జనం మరీ అనుమానిస్తారు. కానీ ఒకరి మాట ఇంకొకరి మెడకు చుట్టుకునే అవకాశం ఉన్నప్పుడు ఇద్దరి తరఫునా ఒకే లాయర్ నిలబడకూడదు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో 1996 డిసెంబర్ 26న ఆరేళ్ల జాన్‌బెనే రామ్సే విషయంలో జరిగింది చూడండి. 1,18,000 డాలర్లు కావాలన్న ఉత్తరం దొరికింది కాబట్టి పోలీసులు దాన్ని కిడ్నాప్ అనుకున్నారు. ఇల్లంతా మూసేయలేదు, స్నేహితులు వచ్చి గదుల్లో తిరిగారు. మధ్యాహ్నం తండ్రే నేలమాళిగలో పాప శవాన్ని చూసి, ఎత్తుకుని పైకి తెచ్చాడు. జనవరి 1న తల్లిదండ్రులు సీఎన్‌ఎన్‌లో మాట్లాడారు. పోలీసుల ముందు పూర్తిస్థాయి విచారణకు కూర్చున్నది మాత్రం ఏప్రిల్ 30న. ఆ నాలుగు నెలల ఆలస్యం గురించే అందరూ మాట్లాడతారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద నష్టం మొదటి ఏడెనిమిది గంటల్లోనే జరిగిపోయింది. విచారణ ఆలస్యమైనా మళ్లీ చేయొచ్చు, కదిపిన శరీరాన్ని, తొక్కిన గదిని మళ్లీ మొదటిలా చేయలేం. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు.

డబ్బు వల్ల ఆధారాలు పోయే తీరు వేరు. తెలిసిన డాక్టర్ మొహమాటానికి సహజ మరణమని రాసిస్తాడు, పనివాళ్లు అలవాటుగా గది కడిగేస్తారు, పోస్ట్‌మార్టం లేకుండానే అంత్యక్రియలు అయిపోతాయి. కుట్ర లేకపోయినా ఇవన్నీ జరుగుతాయి.

డబ్బులేని ఇంట్లో కష్టం ఇంకోలా ఉంటుంది. చదవని వాంగ్మూలం మీద సంతకం పెడతారు, కూలి పోతుందని స్టేషన్‌కు తిరగలేరు, రాజీ సొమ్ముకు తలొగ్గుతారు. నిపుణుడు తప్పు చెబితే ఎదురు చెప్పించడానికి ఇంకో నిపుణుణ్ని తేలేరు. అదెంత ప్రమాదమో ఆస్ట్రేలియా కేసు చెబుతుంది. 1980లో ఉలురు దగ్గర తొమ్మిది వారాల అజారియా చాంబర్లేన్ మాయమైంది. తండ్రి పాస్టర్, వాళ్లు ధనికులేమీ కారు. తల్లి గట్టిగా ఏడవలేదని కూడా జనం అనుమానించారు. కారులో పసిబిడ్డ రక్తమని నిపుణులు చెప్పిన మరక తర్వాత చూస్తే శబ్దం తగ్గించడానికి పూసిన పదార్థం. 1982లో తల్లికి యావజ్జీవం పడింది, 1988లో శిక్ష రద్దయింది, పాపను డింగో (ఆస్ట్రేలియా అడవి కుక్క) తీసుకెళ్లిందని కరోనర్, అంటే మరణ కారణాన్ని విచారించే అధికారి, తుది మాట చెప్పేసరికి 2012 వచ్చింది.

ఖర్చు లేకుండా ఎవరైనా చేయగలిగినవి కొన్నున్నాయి. బిడ్డలో ప్రాణం ఉండే అవకాశం ఏమాత్రం ఉన్నా ముందు ఆస్పత్రి, మిగతావన్నీ తర్వాతే. లేదని తేలాక శరీరాన్ని కడగొద్దు, బట్టలు మార్చొద్దు, పక్క సర్దొద్దు. పాలసీసా, మందులు, తిని మిగిల్చినవి ఉన్నచోటే ఉంచండి. చనిపోయిన 8 నుంచి 12 గంటల్లో చర్మం కింద రక్తం దిగిన మచ్చలు స్థిరపడతాయి. ఆ తర్వాత శరీరాన్ని తిప్పి పెట్టినా అవి పాత భంగిమనే చూపిస్తాయి. కాబట్టి ఎవరు ఎప్పుడు ఎత్తారో దాచకుండా చెప్పండి. ఆస్పత్రిలో బట్టలు తీసేస్తే కాగితపు సంచిలో పెట్టమనండి. ప్లాస్టిక్‌లో తడి నిలిచి బూజు పడుతుంది, డీఎన్‌ఏ పాడవుతుంది. బిడ్డను చివరిసారి ఎవరు ఎన్ని గంటలకు చూశారో ఇంట్లో ఒక్కొక్కరూ విడివిడిగా, మాట్లాడుకోకముందే రాసి పెట్టుకోవాలి.

పోస్ట్‌మార్టం చేసే డాక్టర్‌కు రాతపూర్వకంగా అడగండి: చిన్నపిల్లలైతే ఒళ్లంతా ఎక్స్‌రే, విషపరీక్షకు రక్తం, కడుపులోని పదార్థం, కంటిలోని ద్రవం, కణజాలం స్లైడ్లు, ఫొటోలు. వీటిని ఎన్నాళ్లు భద్రపరుస్తారో కూడా రాయించుకోండి. దహనం చేస్తే మళ్లీ పరీక్షించడానికి శరీరం ఉండదు. కానీ స్లైడ్లు, ఎక్స్‌రేలు, ఫొటోలు ఉంటే ఏళ్ల తర్వాతైనా వేరే డాక్టర్ చూసి అభిప్రాయం చెప్పగలడు.