ముల్లు పచ్చలో ఉంది కానీ సిలిండర్ పాతబడింది

ప్రశ్న: పటమటలో మా ఫ్లాట్ 2013లో కొన్నాం. అప్పుడు బిల్డర్ ఇచ్చిన రెండు కిలోల ఫైర్ సిలిండరే ఇప్పటికీ వంటింటి గుమ్మం పక్కన ఉంది. ఒక్కసారి కూడా పిన్ను తీయలేదు. మీటర్ ముల్లు పచ్చలోనే ఉంది. ఏటా ఒకతను వచ్చి స్టిక్కర్ మార్చి వెళ్తాడు. రీఫిల్ చేయిస్తే సరిపోతుందా, కొత్తది కొనాలా?

జవాబు: కొత్తది కొనండి. ఎండలు ముదిరినప్పటి నుంచి ఇదే ప్రశ్న నాకు రావడం ఇది ఐదోసారి. అందరి ఉత్తరాల్లోనూ ‘ముల్లు పచ్చలో ఉంది’ అన్న మాట ఉంది. ముల్లు చూపించేది లోపలి ఒత్తిడి ఒక్కటే. మంట ఆర్పే పౌడర్ గడ్డకట్టిందా, లోపల తుప్పు పట్టిందా, నాజిల్ మూసుకుపోయిందా అన్నది అది చెప్పలేదు. ఏళ్ల తరబడి కదలకుండా నిలబెట్టిన పౌడర్ అడుక్కి దిగి బిగుసుకుంటుంది. రీఫిల్ చేసేటప్పుడు మన బెజవాడ ఉక్కలో కాస్త తేమ చేరినా ముద్ద కడుతుంది. అప్పుడు పిన్ను లాగి నొక్కితే గ్యాస్ బుస్సుమని పోతుంది, పౌడర్ మాత్రం లోపలే ఉండిపోతుంది.

మన భారతీయ ప్రమాణాల ప్రకారం పౌడర్ సిలిండర్ ఆయుష్షు పదేళ్లు. మీది ఎప్పుడో దాటిపోయింది. రీఫిల్‌లో మారేది పౌడరే, ఇనుము పాతదే. ఆ ఇనుము మోస్తున్నది సుమారు 15 బార్ల ఒత్తిడి, అంటే కారు టైరులో ఉండే దానికి ఆరేడు రెట్లు. అందుకే మూడేళ్లకోసారి హైడ్రాలిక్ టెస్ట్, అంటే నీటి ఒత్తిడితో సిలిండర్ బలం పరీక్ష, చేయించాలంటారు. మీ స్టిక్కరతను ఇన్నేళ్లలో ఒక్కసారైనా సిలిండర్‌ని షాపుకి తీసుకెళ్లాడా? గోడ మీద నుంచి దించకుండా ఆ టెస్ట్ ఎవరూ చేయలేరు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఈ స్టిక్కరే. మొన్న లబ్బీపేటలో మా అక్క వాళ్లింట్లో సిలిండర్ దించి స్టిక్కర్ అంచు గోటితో లేపాను. దాని కింద ఇంకొకటి, ఆ కింద మరొకటి. మూడింటి మీదా తేదీలు వేర్వేరు, సంతకం గీత మాత్రం ఒక్కటే. సిలిండర్ తిప్పి అడుగు రింగు మీద తుప్పు తుడిస్తే, ఇనుములోకి కొట్టిన అంకెలు బయటపడ్డాయి: 2009. బోర్లించి చెవి దగ్గర పెట్టుకుంటే పౌడర్ పిండిలా జారాల్సింది పోయి దబ్బున ఒక్క ముద్దగా పడింది. మా అక్క పదిహేనేళ్లుగా దాని పక్కనే గారెలు వేస్తోంది.

కాబట్టి స్టిక్కర్‌ని నమ్మకండి. మెడ దగ్గరో, అడుగు రింగు మీదో పంచ్ చేసిన సంవత్సరం వెతికి ఫొటో తీసుకోండి, ఫోన్ క్యాలెండర్‌లో ఆ సంవత్సరానికి పదేళ్ల తర్వాతి తేదీ పెట్టుకోండి. యాప్‌తో పనిచేసే స్మార్ట్ మీటర్లు వస్తున్నాయి కదా అని ఇద్దరు అడిగారు. ముల్లు చెప్పేదే ఆ యాప్ కూడా చెబుతుంది. ఆ డబ్బుతో ఇంకో సిలిండర్ కొని హాల్లో పెట్టుకోవడం మేలు.

కొత్తది కొన్నాక కూడా ఒక విషయంలో దాని మీద భరోసా పెట్టుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని పడకగదిలో చార్జింగ్ పెట్టి పడుకుంటే, తెల్లవారుజామున పేలి ఇంటాయన చనిపోయాడు. భార్యాపిల్లలు గాయపడ్డారు. లిథియం బ్యాటరీకి పౌడర్ కొడితే పైమంట తగ్గుతుంది. లోపల వేడి ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి పాకి మళ్లీ అంటుకుంటుంది. రెండు కిలోల సిలిండర్ పది సెకన్లలో అయిపోతుంది. బ్యాటరీకి పిడి పెట్టి, మూడో అంతస్తుకైనా మోసుకెళ్లి చార్జ్ చేసుకోండని అమ్మేవాళ్ల మీద నాకు పట్టరాని కోపం. ఏ గదిలో పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో డబ్బా మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయడానికి వాళ్లకి ఏం అడ్డొచ్చింది? మీ ఇంట్లో అలాంటి స్కూటర్ ఉంటే రాత్రిపూట, అందులోనూ బయటికెళ్లే గుమ్మం దగ్గర, చార్జింగ్ పెట్టకండి. పొగ కనిపిస్తే పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి, తలుపు దగ్గరికి లాగి, 101కి ఫోన్ చేయండి.

సిలిండర్‌ని పొయ్యి పక్కన కాకుండా గుమ్మం వైపు పెట్టిన మీ పద్ధతి సరైనదే, కొత్తదీ అక్కడే ఉంచండి. పాతదాన్ని పాత ఇనుము బండికి వేయకండి. ఒత్తిడి ఉన్న సిలిండర్‌ని గ్యాస్ కట్టర్‌తో కోసే కుర్రాడికి లోపల ఏముందో తెలియదు. కొత్తది కొనే షాపులోనే ఇచ్చి, ఖాళీ చేయమని చెప్పండి.

గుంటూరు అరండల్‌పేట నుంచి కంప్యూటర్ సెంటర్ నడిపే పాఠకుడు, తన సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) సిలిండర్‌కి మీటరే లేదని కంగారుపడ్డారు. దానికి మీటర్ ఉండదు. తూకం వేయించండి, గ్యాస్ బరువు పదో వంతు తగ్గితే నింపించాలి. దాని ఆయుష్షు పదిహేనేళ్లు. అదీ ఇనుము మీద కొట్టిన సంవత్సరం నుంచే లెక్క.