ఏం కొనాలో తర్వాత చూద్దాం, ముందు మీ నీళ్ళ వాల్వు ఎక్కడుంది?

"డాలస్ దగ్గరికి కొత్తగా వచ్చాం, ఇదే మొదటి చలికాలం. మంచు తుఫాను వస్తే ఏమేం కొనిపెట్టుకోవాలి?" అని అడిగారు.

ఆ "కొనిపెట్టుకోవడం" దగ్గరే నాకు పేచీ. 2021 ఫిబ్రవరిలో మా ఇంట్లో రెండు బస్తాల సోనామసూరి, ఫ్రిజ్ నిండా పాలు, పెట్టెడు మ్యాగీ ఉన్నాయి. అసలు ఆపదలో ఏవీ అక్కరకు రాలేదు. అక్కరకు వచ్చింది ఎదురింటి పెద్దాయన చేతిలోని ఓ ఇనప ఊచ.

ఆదివారం మంచు పడింది. పిల్లలు ఆడుకున్నారు, మేం ఫొటోలు తీసి ఖమ్మం పంపించాం. సోమవారం తెల్లారేసరికి కరెంటు లేదు. వంతులవారీగా తీస్తున్నారు, కాసేపట్లో వస్తుందన్నారు. ఎండాకాలం కోతల్లో పెరిగినవాణ్ణి, ఇదో లెక్కా అనుకున్నా. రెండున్నర రోజులు రాలేదు. మంగళవారం పొద్దున డాలస్ ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 19 డిగ్రీలు, 1949 తర్వాత అక్కడ అంత చలి లేదు. టెక్సాస్‌ది సొంత గ్రిడ్, పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకుందామంటే ఆ లైన్లు ఏ మూలకూ చాలవు. గ్యాస్ బావులూ ప్లాంట్లూ గడ్డకట్టి, గ్రిడ్ మొత్తం కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఆగింది. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నదే. అప్పుడు మాకు తెలిసిందల్లా కాళ్ళకి మూడు జతల సాక్సు చాలడం లేదని.

"మాది గ్యాస్ హీటర్, మాకేం" అని ధైర్యంగా ఉండకండి. మేమూ ఉన్నాం. మండేది గ్యాసే, కానీ ఆ వేడిని గదుల్లోకి తోసే ఫ్యానుకి కరెంటు కావాలి.

అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది, కోవిడ్‌లో ఇరుక్కుపోయి. లోపల ఏడు డిగ్రీలు. "ఒరేయ్, పెరట్లో ఆ బొగ్గుల పొయ్యి ఉందిగదరా, లోపలికి తేరాదూ, కుంపటి పెట్టుకుందాం" అంది. నాకు అది బ్రహ్మాండమైన ఆలోచన అనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నా, గ్రిల్లుని ఈడ్చుకుంటూ వంటింటి తలుపు దాకా తెచ్చాను కూడా. మా ఆవిడ అడ్డం నిలబడింది. "అది మీ పెంకుటిల్లు అనుకున్నారా?" ఒక్కటే మాట. నిజమే. మా తాతగారి ఇంట్లో పెంకుల సందుల్లోంచి పిచ్చుకలు వచ్చిపోయేవి, కుంపటి గాలి నిలిచేది కాదు. ఇక్కడి ఇల్లు బిరడా బిగించిన సీసా. పొగ కనబడకపోయినా బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతూనే ఉంటుంది, దానికి వాసన ఉండదు. అదే వారం హ్యూస్టన్‌లో గరాజ్‌లో కారు ఆన్ చేసి పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

బుధవారం కరెంటు వచ్చింది. ఇల్లు వేడెక్కింది, అమ్మ అల్లం టీ పెట్టింది. అప్పుడు మేడ మీద వాన చప్పుడు. వెళ్ళి చూస్తే గెస్ట్ రూం పైకప్పు పొట్టలా ఉబ్బి ఉంది. చూస్తుండగానే ఊడి మంచం మీద పడింది, దాని వెనకాల నీళ్ళు.

ఈ ఊళ్ళో ఇంత డబ్బు పోసి కట్టే ఇళ్ళలో నీళ్ళ పైపులు అటిక్‌లోంచి, అంటే ఇంటి కప్పు కింది ఖాళీలోంచి, ఎందుకు లాగుతారో ఆ కట్టేవాళ్ళకే తెలియాలి. నేను చేసిన తప్పు ఇంకోటి. నల్లాలు సన్నగా వదలమంటే కింద ఒక్కటి వదిలాను. పైన ఉత్తరం గోడ వైపు బాత్రూం ఎవరూ వాడటం లేదని వదల్లేదు. నల్లా వదిలేది నీళ్ళు కదలడానికని అందరూ అంటారు, అసలు సంగతి ఒత్తిడి. నీరు గడ్డకడితే వందకి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది. ఆ గడ్డకీ మూసిన నల్లాకీ మధ్య ఇరుక్కున్న నీళ్ళకి దారి లేక పైపు చీలుతుంది. గడ్డ కరిగేదాకా ఆ చీలిక బయటపడదు.

ఇంటికి నీళ్ళొచ్చే వాల్వు కట్టేయాలి. ఎక్కడుంది? ఆ ఇంట్లో మూడేళ్ళుగా ఉంటున్నాం, నాకు తెలియదు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను. పదకొండు దండాల బొమ్మలు, ఒక "సో సారీ బ్రో", మధ్యలో ఎవరిదో స్నోమ్యాన్ ఫొటో. చెప్పులతోనే మంచులో పరిగెత్తి ఎదురింటి తలుపు కొట్టాను. అప్పటిదాకా ఆయనకి చెయ్యి ఊపడం తప్ప పేరు కూడా అడిగి ఎరగను. ఆయన టీ ఆకారం ఊచ ఒకటి పట్టుకొచ్చి, రోడ్డంచున గడ్డిలో ఉన్న మూత మీది మంచు సుత్తితో పగలగొట్టి, ఊచ లోపలికి దించి పావు తిప్పు తిప్పాడు. ఇంట్లో వాన ఆగింది.

అయితే నన్ను ఇప్పటికీ గుచ్చేది పైకప్పు కాదు. మూడిళ్ళ అవతల ఒంటరిగా ఉండే ముసలావిడ ఆ రెండున్నర రోజులూ వేడి తిండి లేకుండా, వాకిట్లో కారులో కూర్చుని ఫోను చార్జి చేసుకుంటూ గడిపిందట. ఆవిడది కరెంటు పొయ్యి. మా ఇంట్లో గ్యాసు పొయ్యి వెలుగుతూనే ఉంది, దేవుడి గూట్లో అగ్గిపెట్టె ఉంది కాబట్టి. మేం పూటపూటా వేడి చారు తాగాం. ప్రభుత్వ లెక్క ప్రకారం రాష్ట్రంలో 246 మందిని పొట్టన పెట్టుకున్న తుఫాను అది. ఎవరింట్లో గ్యాసు పొయ్యి, ఎవరు ఒంటరి, ఎవరికి ఆక్సిజన్ మిషను అని ఇప్పుడు మా వీధికి ఒక కాగితం ఉంది. ఫ్రిజ్ మీద అంటించాం.

ప్లంబర్ దొరకడానికి మూడు వారాలు పట్టింది. మార్చిలో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరం: మీ ముందు తోటలో చచ్చిన మొక్కలు పీకేయగలరు. పైకప్పు లేని ఇంటికి తోట గురించి తాఖీదు! అమ్మ మాత్రం తన శాలువా కప్పి గరాజ్‌లో దాచిన కరివేపాకు చెట్టు పోయిందనే ఏడ్చింది, పైపు గురించి ఒక్క మాట అనలేదు.

కొనాల్సిందేదో ఒకటి చెప్పమంటే మీటర్ కీ, అదే ఆ టీ ఆకారం ఊచ. హార్డ్‌వేర్ షాపులో పది, పదిహేను డాలర్లు. రేపు వెలుతురు ఉండగానే మూత ఎత్తి, వాల్వు తిరుగుతుందో లేదో చూడండి. నేను రెండు కొని ఒకటి ఎదురింటి పెద్దాయనకి ఇవ్వబోయాను. ఆయన గరాజ్‌లో నాలుగున్నాయి.