ఉత్పరివర్తనాల గురించి రాసే ముందు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. ఉత్పరివర్తనాలు, అంటే డీఎన్‌ఏలో వచ్చే మార్పులు, ఉన్న సమాచారాన్ని చెరపగలవే గాని కొత్తదాన్ని పుట్టించలేవన్న వాదాన్ని ఖండించబూనుకున్నావు. నీ పక్షం సరైనదే, వాదన మాత్రం ఇంకా నిలదొక్కుకోలేదు. దేన్ని సమాచారమంటున్నావో నువ్వు ఎక్కడా చెప్పలేదు. 1948లో గణితవేత్త క్లాడ్ షానన్ సమాచారానికి ఇచ్చిన కొలతకు అర్థంతో నిమిత్తం లేదు, యాదృచ్ఛికమైన మార్పు కూడా ఆ లెక్కలో సమాచారాన్ని పెంచవచ్చు. ప్రత్యర్థి అడుగుతున్నది అది కాదు. జీవికి అక్కరకొచ్చే కొత్త పని ఎక్కడి నుంచి వచ్చిందని. జవాబు దానికే రాయి.

ఉత్పరివర్తనాన్ని అచ్చుతప్పుతో పోల్చి, అచ్చుతప్పుతో పుస్తకం బాగుపడుతుందా అని వాళ్లడిగే ప్రశ్న దగ్గర తడబడ్డావు. పుస్తకం తనంతట తాను ప్రతులను కనదు. జీవి కంటుంది, ఆ సంతతిలో నెగ్గుకొచ్చినవే ఎక్కువగా మిగులుతాయి. ఆ పోలిక అక్కడే వీగిపోతుంది.

మన అరకు, పాడేరు మన్యంలో కనిపించే సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త వ్యాధిని ప్రధాన ఉదాహరణగా పెట్టావు. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారడం, తల్లిదండ్రుల నుంచి వచ్చే రెండు ప్రతుల్లో మారినది ఒక్కటే ఉన్నవారికి తీవ్ర మలేరియా నుంచి కొంత రక్షణ దొరకడం నిజమే గాని, రెండు ప్రతులూ మారినవారి బాధ చూపించి ప్రత్యర్థి దాన్ని ఒక్క మాటతో తోసిపుచ్చగలడు. పైగా ఆ ఇళ్లవాళ్లు కూడా చదివే వ్యాసంలో వారి జబ్బును వాదనకు పావుగా వాడడం నాకు రుచించదు.

దాని బదులు, నువ్వు రెండే వాక్యాల్లో దాటేసిన జీవశాస్త్రవేత్త రిచర్డ్ లెన్‌స్కీ ప్రయోగాన్ని విస్తరించు. 1988లో మొదలైన ఆ పన్నెండు ఈ.కోలై బ్యాక్టీరియా వంశాలకు ఇచ్చిన ద్రవంలో గ్లూకోజ్ కొద్దిగా, సిట్రేట్ (నిమ్మ ఆమ్లపు లవణం) దండిగా ఉండేది. అయితే ఆక్సిజన్ ఉన్నచోట ఈ బ్యాక్టీరియా సిట్రేట్‌ను లోపలికి తీసుకోలేదు. దాదాపు 31,500వ తరం నాటికి ఒక్క వంశం తీసుకోగలిగింది. సిట్రేట్‌ను లోపలికి చేర్చే ప్రోటీన్ జన్యువు దానిలో మొదటినుంచీ ఉంది, ఆక్సిజన్‌లో మాత్రం పనిచేసేది కాదు. ఆ డీఎన్‌ఏ భాగం రెండింతలైనప్పుడు, ఒక నకలు ఆక్సిజన్‌లోనూ పనిచేసే వేరొక జన్యువు నియంత్రణ కిందికి వచ్చింది. గడ్డకట్టించి దాచిన పాత నమూనాలను మళ్లీ పెంచితే, 20,000వ తరం నాటివి, ఆ తర్వాతివి మాత్రమే ఈ శక్తిని తిరిగి పొందాయి. అంటే అంతకుముందే చేరిన మార్పులు దారి వేసి ఉంచాయన్నమాట. వ్యాసానికి ప్రాణం ఈ దశల్లోనే ఉంది, తొందరపడకు.

ఉన్న జన్యువే చోటు మారిందంతే కదా అని ప్రత్యర్థి అంటాడు. అది న్యాయమైన అభ్యంతరమే, దాచవద్దు. అంటార్కిటిక్ చేపల్ని చూపించు: ట్రిప్సినోజెన్ అనే జీర్ణ ఎంజైమ్ జన్యువులోని చిన్న ముక్క పదేపదే నకలై, చలికి రక్తం మంచుగా గడ్డకట్టుకుపోకుండా మంచు స్ఫటికాలను అడ్డుకునే ప్రోటీన్‌కు జన్యువైంది. ఆర్కిటిక్ కాడ్ చేపలు దాదాపు అలాంటి ప్రోటీన్‌నే, ఏ ప్రోటీన్‌కూ సంకేతం కాని డీఎన్‌ఏ నుంచి విడిగా సంపాదించుకున్నాయి.

నైలాన్ వ్యర్థాలను జీర్ణించుకునే బ్యాక్టీరియా పేరా మాత్రం మార్చాలి. డీఎన్‌ఏ అక్షరాలను మూడేసిగా చదివే చట్రం పక్కకు జరిగి ఆ వ్యర్థాలను జీర్ణించే ఎంజైమ్ ఒక్కసారిగా పుట్టిందని 1984లో జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో ఊహించాడు. ఎంజైమ్ నిర్మాణం తెలిశాక, పాత ఎంజైమ్‌లో కొద్ది అమైనో ఆమ్లాలు మారడమే కారణమని తేలింది. సవరించిన ప్రతి పంపు, చూస్తాను.