మైక్రోస్కోపు ముందు కూర్చోబోయే చిన్నాకి

చిన్నా,

నీకు వెటర్నరీ క్లినికల్ పాథాలజీలో, అదే జంతువుల రక్తం, కణాలు చూసి జబ్బు చెప్పే విభాగంలో, రెసిడెన్సీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "వాడికి జంతువులంటే ప్రాణం కదక్కా, ఇక రోజంతా గాజు ముక్కలు చూస్తూ కూర్చుంటాడట" అని ఒకటే దిగులు. నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఇంట్లో నా దారి పట్టినవాడివి నువ్వొక్కడివే అని ఒక పక్క సంబరం, నేను చేసినవన్నీ నువ్వూ చేస్తావేమోనని ఇంకో పక్క టెన్షన్.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. మూడేళ్లు ఇట్టే అయిపోతాయి, బోర్డు పరీక్షకి మొదటి ఏడాది నుంచే చదువు. రౌండ్స్‌కి ఆలస్యంగా వెళ్లకు. టెక్నీషియన్లతో మర్యాదగా ఉండు, నాకు స్మియర్ లాగడం, అంటే రక్తపు చుక్కని గాజు మీద పలచగా పరవడం, నేర్పింది వాళ్లే. సైటాలజీ స్లైడ్లని, అంటే కణాలు పరిచిన గాజు పలకల్ని, కండ ముక్కలు నిల్వచేసే ఫార్మలిన్ సీసాతో ఒకే డబ్బాలో పెట్టనివ్వకు, ఆ ఆవిరి తగిలితే కణాలు సరిగ్గా రంగు పట్టవు. క్వాలిటీ కంట్రోల్ గ్రాఫులు విసుగ్గానే ఉంటాయి, అయినా రోజూ చూడు. మెషిన్ కొద్దికొద్దిగా పక్కకి జరుగుతుంటే ఒక్క రోజు అంకె చూసి కనిపెట్టలేవు.

మెషిన్ ఏం చెప్పినా ఒకసారి స్మియర్ చూడాల్సిందే. పిల్లికి ప్లేట్‌లెట్లు మరీ తక్కువని ప్రింటవుట్ వచ్చిందనుకో, కంగారుపడకు. స్మియర్ చివర ఈక అంచులా పలచబడే చోట వెతుకు, చాలాసార్లు అక్కడ గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉంటాయి. కావలియర్ కింగ్ చార్ల్స్ స్పానియల్ కుక్కల్లో చాలావాటికి పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు పెద్దవిగా, తక్కువగా ఉంటాయి. అది జబ్బు కాదు. పక్షుల ఎర్రకణాల్లో న్యూక్లియస్ ఉంటుంది కాబట్టి మామూలు మెషిన్ తికమక పడుతుంది, తెల్లకణాలు చేత్తో లెక్కపెట్టుకోవాలి. పొటాషియం ఆకాశానికీ, కాల్షియం పాతాళానికీ పోయి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా పడిపోయిందా? కిడ్నీ జబ్బని అనుకోకముందే ఫోన్ తియ్యి. ఊదా మూత ట్యూబులో రక్తం సీరం ట్యూబులో పోశారేమో అడుగు. ఆ ఊదా ట్యూబులో ఉండేది రక్తం గడ్డకట్టనివ్వని పొటాషియం ఈడీటీఏ, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. నేనిది మూడుసార్లు పట్టుకున్నాను. మూడుసార్లూ అవతలి డాక్టరు "మా దగ్గర అలా జరగదండీ" అన్నాడు.

ఇవన్నీ నా గొప్పలు. ఇప్పుడు చెప్పేది మీ అమ్మకి కూడా తెలీదు.

నా ట్రైనింగ్ రెండో ఏడు. సాయంత్రం ఇంటికి బయల్దేరే వేళకి ఒక బాక్సర్ కుక్క స్లైడ్లు వచ్చాయి. తొడ మీద గడ్డ, సూదితో తీసిన శాంపిల్. స్లైడు చూడగానే చెప్పేస్తానని అప్పటికి నాకు పేరు. పేరుందని నేనే అనుకునేదాన్ని. గబగబా క్విక్ స్టెయిన్ అనే త్వరగా పట్టే రంగులో ముంచి చూశాను. గుండ్రటి కణాలు, లేత సైటోప్లాజం, లోపల గ్రాన్యూల్స్ అనే సన్నటి రేణువులు లేవు. హిస్టియోసైటోమా, ప్రమాదం లేని గడ్డ అనేశాను.

మాకొక పద్ధతి నేర్పారు. ముందు ఫారం చదవకుండా స్లైడ్ చూసి ఒక అభిప్రాయానికి రావాలి, తర్వాత ఫారం చదివి మళ్లీ స్లైడ్ చూడాలి. నేను మొదటి సగం చేశాను. ఫారం మీద వయసు 8 ఏళ్లని ఉంది. హిస్టియోసైటోమా ఎక్కువగా వచ్చేది చిన్న వయసు కుక్కలకి. సరే, వయసు చూడలేదు. కానీ ఆ కణాల మధ్య అక్కడక్కడా ఇసినోఫిల్స్ ఉన్నాయి, అలర్జీలోనూ, మాస్ట్ సెల్ ట్యూమర్ అనే క్యాన్సర్‌లోనూ కనిపించే తెల్లకణాలు. వాటిని చూశాను చిన్నా. చూసి, ఏదో దురద పెట్టుంటుందిలే అనుకున్నాను. సీనియర్ ఊళ్లో లేరు. ఫోన్‌లో చెబితే స్లైడ్ చూడకుండానే సరే అన్నారు. ఆయన్ని అనను, నా గొంతులో అంత ధీమా పలికింది. "సాధారణంగా దానంతట అదే తగ్గిపోతుంది" అని రిపోర్టు పంపి ఇంటికెళ్లి అన్నం తిని పడుకున్నాను.

రెండున్నర నెలలకి అదే కుక్కది లింఫ్ నోడ్ శాంపిల్ వచ్చింది. ఆ రోజు జీమ్సా అనే ఇంకో రంగు వేశారు. స్లైడ్ నిండా ఊదా రంగు గ్రాన్యూల్స్, మాస్ట్ సెల్ ట్యూమర్. పాత కేసులో రంగు వెయ్యని స్లైడ్ ఒకటి మిగిలుంటే తీసి దానికీ జీమ్సా వేశాను. అవే గ్రాన్యూల్స్. క్విక్ స్టెయిన్‌లో అవి ఒక్కోసారి రంగు పట్టవు. ఆ సంగతి నాకు తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ డాక్టరు ఫోన్ చేసి అరవలేదు. "అప్పుడే తీసేసుంటే ఎలా ఉండేదంటారు?" అని మెల్లగా అడిగాడు. ఏం చెప్పను? ఆ కుక్క పేరు మర్చిపోయాను గానీ, ఫారం మీద ఇంకు అలుక్కుపోయిన ఆ 8 మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

"గుండ్రటి కణాల కణితి, ఇసినోఫిల్స్ ఉన్నాయి, జీమ్సా వేసి రేపు చెబుతాను" అని రాసుంటే పోయేది ఒక్క రోజు. నా పేరు కూడా కొంచెం పోయేదేమో.

నీకిది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో తెలుసా? చిన్నప్పుడు పొడుపుకథ సగంలో ఉండగానే జవాబు అరిచేవాడివి. సగం సార్లు తప్పే. అయినా అందరం చప్పట్లు కొట్టాం, నేను అందరికంటే గట్టిగా కొట్టాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. కాబట్టి ఇప్పుడు తిట్టే హక్కూ నాదే. ప్రతి కేసులో ఒక స్లైడ్ రంగు వెయ్యకుండా అట్టేపెట్టు. సీనియర్ ఫోన్‌లో సరే అంటే "ఒక్కసారి మీరు చూడండి" అని బతిమాలు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఎప్పుడైనా ఇలాంటిది జరిగితే, జరుగుతుంది, నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా సరే. నేను ఎవరికీ చెప్పుకోలేక నాలుగు రోజులు సెలవు పెట్టాను, నువ్వు ఆ పని చెయ్యకు.

అన్నిటికంటే ముఖ్యమైనది మర్చిపోయాను. కుర్చీ ఎత్తు. ఐపీసుకి కన్ను ఆనించడానికి మెడ వంచకు, కుర్చీని పైకి జరుపుకో. నా ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పటికీ తిమ్మిరే, ఈ ఉత్తరం ఇంత ఆలస్యం కావడానికి అదీ ఒక కారణం. చేరిన రోజే మైక్రోస్కోపు ముందు కూర్చుని పక్కనుంచి ఒక ఫొటో తీయించుకుని పంపు. నవ్వక్కర్లేదు, నాకు కావాల్సింది మెడ.

నీ
పెద్దమ్మ