నైట్ షిఫ్ట్ చేసే మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కి అత్తయ్య ఆశీస్సులు.

ఒంట్లో చెత్తంతా కడిగేస్తుందని ఏదో డీటాక్స్ పొడి తెప్పించావని మీ అమ్మ చెప్పింది. దాన్ని పక్కన పెట్టు నాయనా, ముందు నీ నిద్ర సంగతి చూద్దాం. ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేసి రిటైరైనదాన్ని, ఈ విషయంలో నా మాట వినొచ్చు.

మెదడులో పేరుకునే వ్యర్థాలను దాని చుట్టూ ఉండే ద్రవమే కడిగేస్తుందని, నిద్రలో ఆ పని జోరందుకుంటుందని 2013లో అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల్లో చూపించారు. నిద్రలో ఆ ద్రవం పారే కణాల మధ్య ఖాళీ 60 శాతం మేర పెరిగిందట. 2024లో లండన్ వాళ్లు, వాళ్లూ ఎలుకల్లోనే చూసి, కాదు, నిద్రలో ఆ కడిగే పని తగ్గుతుందన్నారు. ఆ తగువు ఇంకా తేలలేదు. ఇదంతా మన ఋషులు ముందే చెప్పేశారని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం నమ్మకు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలని ఆయుర్వేదంలో చరకుడు అన్నాడు. నాకైతే ఆ మాట చాలు.

నీకు పనికొచ్చేది మరో పాతకాలపు ఆయుర్వేద వైద్యుడు వాగ్భటుడి మాట. రాత్రి మేలుకోవాల్సి వస్తే, అందులో సగం సేపు మర్నాడు పొద్దున ఏమీ తినకుండా పడుకోమన్నాడు. ఆ 'తినకుండా' అన్నదే పట్టుకో. షిఫ్ట్ దిగగానే బండి దగ్గర పూరీలు, మైసూర్ బజ్జీ లాగించి పడుకుంటే గుండెల్లో మంట రాక ఏమవుతుంది? మరీ ఆకలైతే గ్లాసుడు గేదెపాలు తాగు. సగం లెక్క ఎప్పుడో ఒక రాత్రి మేలుకున్నవాడికి సరిపోతుంది. నీలా వారమంతా మేలుకునేవాడికి ఏడు గంటలు పడాల్సిందే.

కాఫీ షిఫ్ట్ మొదట్లోనే తాగెయ్. ఐదారు గంటలు గడిచినా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. తూగుతూ బైక్ నడపకు, క్యాబ్‌లో రా. పొద్దుటి ఎండ కళ్లలో పడకుండా నల్లద్దాలు పెట్టుకో. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి అంచులు క్లిప్పులతో బిగించు, లేకపోతే ఆ సందులోంచి ఎండ సరిగ్గా మొహం మీదే పడుతుంది. అరికాళ్లకు నువ్వులనూనె మర్దనా చేసుకుని పాత సాక్సులు తొడుక్కో. దుప్పట్లకు నూనె మరకలైతే మీ ఆవిడ నన్ను తిట్టుకుంటుంది.

గురక మధ్యలో నీకు ఊపిరి ఆగినట్టవుతోందని తను అంటే మాత్రం ఈ పాలూ నూనెలూ పనిచెయ్యవు. స్లీప్ టెస్ట్ చేయించే డాక్టర్‌కి చూపించుకో.

ఇట్లు,
మీ అత్తయ్య